రంధ్రాలు పెద్దవైన వేణువు

చందానగర్, 12-8-1974, సోమవారం రాత్రి

గురువుగారు తాను వాయించిన వేణువునే నా మనవడు రఘుకు ఇచ్చారు. విదేశీ బృందంతో కలిసి వాయించాలని, పియానో శ్రుతికి కలవడం లేదని, వాడు ఈరోజు కాల్చిన ఊచతో దాని రంధ్రాలు పెద్దవి చేశాడు.

"ఎవర్నడిగి చేశావురా?"

"పియానో నాకోసం దిగిరాదు కదా అమ్మమ్మా! గురువుగారికి నువ్వే చెప్పు. నీ మాట కాదనరు."

రేపు పాఠం. ముందుగా ఆయనే ఆ వేణువు తీసుకుని షడ్జమం ఊది ఇస్తారు. మొదటి స్వరానికే తెలిసిపోతుంది. వీణ్ణి ఇక శిష్యుడిగా ఉంచుకోరు. వీడి పదేళ్ల సాధన నిమిషాలతో సహా ఈ డైరీల్లో రాసిపెట్టాను. కాలిన వెదురును పూడ్చే ఉపాయం మాత్రం నాకు తెలియదు.

సాయంత్రం వాడు ఆ బృందం పాట వాయిస్తుంటే ఆపమందామని లేచాను. అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడిపోయాను. బాగుంది. ఆ మాట ఆయనతో ఎలా అనను?