నీళ్ళొచ్చిన ఇల్లు

డ్రాయింగు మాస్టారుగారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. మేం క్షేమంగా లేం.

ఫోన్లోనే చెబుదామనుకున్నాను. "ఇల్లు తడిసింది మాస్టారూ" అంటే, "పిల్లి తడిసిందా, పాపం, తువ్వాలుతో తుడవండి" అని పెట్టేశారు. అందుకని ఈ ఉత్తరం.

వచ్చేవారమే రిజిస్ట్రేషన్ కదా, ఆఖరిసారి చూసుకుందామని నిన్న నేనూ మా ఆయనా ఇంటికి వెళ్ళాం. ఇంట్లో నీళ్ళొచ్చాయి. మేడ మీద మొదలుకొని కిందిదాకా అంతటా వచ్చాయి. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దీనికంతటికీ మీరే బాధ్యులు.

వెంటనే జవాబు రాయండి.

ఇట్లు,
మీ ఇల్లు కొనుక్కుంటున్న దర్జీ

తా.క.: మాకు పిల్లి లేదు.

*

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మేడ మీదికి కూడా నీళ్ళొచ్చాయా! వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టి, కాలు నొప్పి వచ్చేదాకా మునిసిపాలిటీకి అర్జీలు పెట్టాను. ఒక్కనాడూ మేడ మీద కుళాయి సరిగ్గా తడవలేదు. నేను ఖాళీ చేసి మా అమ్మాయి ఇంటికి చేరగానే ఇచ్చారన్నమాట. నువ్వు ఏడ్చానన్నావు, నాకూ కళ్ళు చెమర్చాయి.

దీనికి నేనే బాధ్యుణ్ణన్నావు. అంత మాట ఈమధ్య నన్నెవరూ అనలేదు తల్లీ.

ఇట్లు,
మీ మాస్టారు

తా.క.: నీళ్ళొస్తున్నాయి కాబట్టి ధర పెంచమని మా అల్లుడు గోల పెడుతున్నాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

*

మాస్టారుగారికి,

నమస్కారాలు. నీళ్ళొచ్చింది కుళాయిలో కాదు. హాల్లో! పైకప్పు పెచ్చు మంచమంత ఊడి నేల మీద పడింది. అలమర తలుపులు ఉబ్బి తెరుచుకోవడం లేదు. స్విచ్చి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. కిటికీ ఉన్న ముందు గదిలో నా మిషను వేసుకుందామని ఎంత ఆశపడ్డానో! ఇన్నేళ్ళూ అద్దింట్లో వంటగది మూల, పొగలో, లైటు వేసుకుని కుట్టాను. ఆ గది గోడ ఇప్పుడు చెయ్యి పెడితే చేతికొస్తోంది.

మా బావగారు రిజిస్ట్రేషను ఆఫీసు బయట దస్తావేజులు రాస్తారు. ఆయన్ని అడిగాను. "సంతకాలయ్యేదాకా ఇల్లు అమ్మేవాడిది, నష్టమూ అమ్మేవాడిదే. ముందు ఫోటోలు తీసి పెట్టుకో. అంతా తేలేదాకా సంతకం మాత్రం చెయ్యకు" అన్నారు. మాకు మూడు దారులున్నాయట. మీరు బాగుచేయించి ఇవ్వాలి, లేదా ధర తగ్గించాలి, లేదా అడ్వాన్సు తిరిగిచ్చెయ్యాలి. ఏ సంగతీ త్వరగా తేల్చండి. మేం అద్దెకుంటున్న ఇంటివాళ్ళు మా వాటా ఇంకెవరికో ఇస్తామని మాటిచ్చేశారు.

ఇట్లు,
దర్జీ

తా.క.: రిజిస్ట్రేషనయ్యేదాకా "మీ ఇల్లు" అనే రాయమన్నారు బావగారు. నాకేమో "మా ఇల్లు" అని అలవాటైపోయింది. రెండుచోట్ల కొట్టేసి రాశాను, ఏమీ అనుకోకండి.

*

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నా మొదటి ఉత్తరం చించెయ్యి.

ప్లంబరును పంపి చూపించాను. మేడ మీద చేతులు కడుక్కునే తొట్టి కుళాయి ఎవరో తిప్పి వదిలేశారని అతను తేల్చాడు. ఆ ఎవరో నేనేనని మా అమ్మాయి తేల్చింది. అమ్మకం మాటలయ్యాక కూడా మధ్యాహ్నాలు నేను ఆ ఇంటికి వెళ్ళి ఊరికే కూర్చునేవాణ్ణిలే. కుళాయి తిప్పినట్టు నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడమే రుజువట.

మతిమరుపు మనిషివి, ఒంటరిగా ఉండలేవనే కదా ఇల్లు అమ్మించింది. ఇప్పుడు నా దగ్గరున్న తాళంచెవి కూడా తీసేసుకుంది. గేటు దాటాలంటే అల్లుడు పక్కనుండాలి. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళారు. వారాల పేర్లు వెనకనుంచి చెప్పమన్నాడు, చెప్పాను. మా అమ్మాయి మధ్యలో తడబడింది. కానీ ఆవిడ కూర్చున్నది పరీక్ష పెట్టేవాళ్ళ వైపు.

తప్పు నాదే కాబట్టి నువ్వు అడిగిన మూడూ ఒప్పుకున్నాను. మేస్త్రీని పంపాను, ధర తగ్గిస్తాను, అడ్వాన్సు కూడా తిరిగి పంపాను.

ఇట్లు,
మాస్టారు

తా.క.: గోడ మీద చెమ్మ ఏ ఆకారంలో ఉంది? వీలైతే గీసి పంపు. ఇక్కడ గోడలన్నీ శుభ్రంగా ఉన్నాయి, చూడ్డానికేమీ లేదు.

*

మాస్టారుగారికి,

నమస్కారాలు. మూడింట్లో ఒకటి అంటే మూడూ అని మీకెవరు చెప్పారండీ? అడ్వాన్సు వెనక్కొస్తే బేరం చెడినట్టేనట! బావగారు తల పట్టుకున్నారు. ఎక్కువిచ్చేవాళ్ళెవరో తగిలారు కదూ మీకు? పోతే మీరు పంపిన మేస్త్రీ, ఊడిన పెచ్చు సంగతి వదిలేసి, ఊడనిది కూడా రాలగొట్టి, "ఇప్పుడు సమంగా ఉంది" అని వెళ్ళిపోయాడు.

ఆ ప్లంబరు మాట కూడా నేను నమ్మను. కుళాయి తిప్పి ఉంటే మాత్రం ఏమయింది? మేడ మీద కుళాయిల్లో అసలు నీళ్ళుంటేగా! కర్టెన్ల కొలతలకి వచ్చిన రోజున మా ఆయన ఒక్కొక్క కుళాయీ చివరికంటా తిప్పి చూశారు. చుక్క రాలేదు. విసుగొచ్చి, ఎక్కడివక్కడ వదిలేసి కిందికొచ్చేశారు. నేనే సాక్షిని. కాబట్టి లోపం పైపుల్లోనే ఉంది. అవి మార్పించి, అన్నమాట ప్రకారం ఇల్లు మాకు అమ్మండి. మాకు ఆ ఇల్లే కావాలి.

ఇట్లు,
దర్జీ

తా.క.: మా వాటాలోకి కొత్తగా వచ్చేవాళ్ళ మంచం వచ్చేసింది. మేం ఇంకా ఖాళీ చెయ్యలేదు. రాత్రి దాని చుట్టూ తిరుగుతున్నాం.

*

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం ముందు నేను చదివాను. తరవాత మా అమ్మాయికి చదివి వినిపించాను. "ఎక్కడివక్కడ వదిలేసి" అన్నచోట ఆవిడ "మళ్ళీ చదువు" అంది. చదివాను. "నాన్నా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ తరవాత లేచి వెళ్ళి తాళంచెవి తెచ్చి నా జేబులో వేసింది.

మీ ఆయన్ని తిట్టకు. బొద్దింకలు రాకుండా ఆ తొట్టి తూముకి గుడ్డ కుక్కింది నేనే. అది నాకు బాగా గుర్తుంది. మునిసిపాలిటీ ఇన్నాళ్ళకి దయతలిచింది, ఆ వరదలో సగం మీ ఆయనది, సగం నాది.

ఇప్పుడు చెప్పబోయే మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను ఇల్లు అమ్మడం లేదు తల్లీ. మతి పోయిందనుకునే అమ్ముకున్నాను. పోలేదని నువ్వే తేల్చావు. కోర్టుకెక్కితే నువ్వే గెలుస్తావేమో, మీ బావగారిని కనుక్కో. నువ్వు కావాలంటే నేనెలాగూ కాదనలేను, వచ్చి సంతకం పెడతాను. కానీ పెట్టించకు.

నీకు నిలవనీడ లేదని నాకు తెలుసు. కింద వాటాలో ఉండండి. ముందు గది గోడ కట్టించి ఇస్తాను, కిటికీ దగ్గర మిషను వేసుకో. కొనుక్కుందామని వచ్చినదాన్ని అద్దెకుండమంటున్నాను. సిగ్గుగానే ఉంది.

ఇట్లు,
మాస్టారు

తా.క.: కింద మనుషులుంటేనే నన్ను ఆ ఇంటికి పంపుతానంటోంది మా అమ్మాయి. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళలేను. ఈ సంగతి మొదట్లోనే రాయాల్సింది. అద్దె తగ్గించమంటావేమోనని అల్లుడు వద్దన్నాడు. అతను ఇప్పుడే స్నానానికి వెళ్ళాడు.