బొమ్మకు చెమట పట్టదు

జూలై 12, శుక్రవారం. ఉదయం.

నా పేరు ఫ్రాన్సిస్కా దిమాపిలిస్. డెబ్బై ఆరేళ్ళు. చదువు లేదు. సంతకం లేదు, బొటనవేలుంది. నేను చెబుతుంటే పక్కింటి మెనాంగ్ రాస్తోంది. ఆమె కోర్టులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టి రిటైరైంది. నా మాటలు సరిదిద్దనని బాలయేసు సాంటో నినో బొమ్మ మీద ఒట్టు వేయించుకున్నాకే కాగితం ఇచ్చాను.

ఉచిత న్యాయం ఆఫీసులో లాయరమ్మ చెప్పింది: లోలా, అంటే అమ్మమ్మా, కోపంగా చెబితే ఎవరూ వినరు. ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో తారీఖులు వేసి రాయించండి, అని. కోపం లేకుండా ఎలా చెప్పాలో మాత్రం చెప్పలేదు.

జరిగింది ఇది. నా మనవరాలు జెరాలిన్, ఇరవై రెండేళ్ళ పిల్ల, టీవీలో కొత్తగా మొదలైన ‘లయాగ్’ సీరియల్లో డూప్. ఎగిరే హీరోయిన్ కథ. ముఖం హీరోయిన్ షేనాది. ఎగరడం, దూకడం, పడడం మా పిల్లవి. మొన్న బుధవారం మూడో ఎపిసోడ్. పొద్దున తీసింది సాయంత్రం వేస్తారు, ఇక్కడ సీరియళ్ళన్నీ అంతే. పొద్దున తొమ్మిదింటికి రెండంతస్తుల ఎత్తు నుంచి తీగ ఊడి జెరాలిన్ కింద పడింది. పరుపు లేని చోట పడింది. నడుము ఎముక విరిగింది. ఇంకోసారి తీయడానికి టైం లేదని పడిన ముక్కనే సాయంత్రం వేశారు. హీరోయిన్ మొదటిసారి ఎగరబోయి బోర్లా పడిందన్నట్టు, పక్కన ఓ బూరా కూత పెట్టారు.

నాకు కబురు చేసింది ఆ సీన్ వేసేశాక.

ఆ రాత్రే ఛానల్ వాళ్ళు తమ పేజీలో రాశారట, ఆ సీన్లో వాడింది బొమ్మ, ఎవరికీ దెబ్బ తగల్లేదు, అభిమానులు కంగారు పడొద్దు, అని.

బుధవారం సాయంత్రం మా ఇంట్లో కూర్చుని ఆ సీన్ చూసి మెనాంగ్ పగలబడి నవ్వింది. రాయి మెనాంగ్, అది కూడా రాయి.

జూలై 13, శనివారం.

జనం ఏమంటున్నారో చదివి వినిపించమన్నాను. వద్దులే ఇస్కా, అంది. చదవమన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుంది, ఫోన్ దూరంగా పెట్టుకుంది, దగ్గరగా పెట్టుకుంది, చివరికి చదివింది.

లయాగ్ అంటే తెరచాప అనుకున్నాం, బియ్యం బస్తా అని చెప్పలేదేంటి, అని ఒకడు. మా పిన్ని కూడా ఇంతకంటే బాగా ఎగురుతుంది, బాబాయి తంతే, అని ఇంకొకడు. షేనా అభిమాన సంఘం వాళ్ళు వీళ్ళ మీద విరుచుకుపడ్డారు. మా షేనాని అంటే ఊరుకోం, అది షేనా కాదు బొమ్మే, ఛానల్ చెప్పింది కదా కళ్ళు లేవా, అని. హీరో అభిమానుల బాధ వేరు. పడుతుంటే వాడెందుకు పట్టుకోలేదు, వచ్చే వారమైనా పట్టుకోవాలి, లేకపోతే చూడం, అని వేలమంది రాశారట. వాళ్ళు చూడం అంటే కథ మారుతుంది. వాళ్ళ మాట చూసే పొద్దున సీన్ రాస్తారు.

అందరూ బాగా నవ్వింది తువ్వాలుకి. పడేటప్పుడు ఎర్ర కేప్ పైకి లేచి, వీపు దగ్గర దుస్తుల్లోంచి తెల్ల చేతి తువ్వాలు ఒకటి బయటికొచ్చి ఎగిరిందట. దాన్ని ఆపి, పెద్దది చేసి, గుండ్రంగా గీత గీసి పెట్టారట. సూపర్‌హీరోయిన్ వీపులో చెమట తువ్వాలు! చెమట ఆరితే దగ్గొస్తుందని వాళ్ళ లోలా పెట్టి పంపింది కాబోలు! అని.

ఆ వాక్యం చదివి మెనాంగ్ ఆగిపోయింది. నా మొహం చూడలేదు.

ఆ లోలా నేనే. జెరాలిన్ తల్లి, నా కూతురు, దగ్గి దగ్గి పోయింది. వీపు మీద చెమట ఆరనివ్వకూడదు. బుధవారం తెల్లవారుజామున పండెసాల్ రొట్టె తింటున్న పిల్ల చొక్కా వెనక నుంచి నేనే దూర్చాను. నీలం అంచు తువ్వాలు. నవ్వుతారు లోలా, అంది. ఎవరు నవ్వుతారు, లోపల ఎవరికి కనిపిస్తుంది, అన్నాను.

అదే రోజు, సాయంత్రం.

బొమ్మకు చెమట పడుతుందా? లాయరమ్మను అడగాలి.

జూలై 15, సోమవారం.

ఆసుపత్రి. ఆరో వార్డు. పిల్ల మంచం కిటికీ పక్కన. ఎడమ పాదం గిల్లాను. గిల్లావా లోలా, అంది. తెలిసి అడిగిందో, తెలియక అడిగిందో.

జావ తాగించాను. మూడు చెంచాలు తాగి అడిగిన మొదటి మాట ఇది: ఎపిసోడ్ నచ్చిందంటున్నారా జనం, మొదటి రోజు ఎగిరింది చూశావా, మేడ మీద నుంచి మేడ మీదకి, అది మొత్తం నేనే లోలా, అని. ఆ పిల్లకి అది పని కాదు. ఆరేళ్ళప్పుడు భుజాలకు దుప్పటి కట్టుకుని బట్టలారేసే తాడు మీద నుంచి దూకిన పిల్ల. చిన్నప్పటి నుంచీ ఇలా ఎగిరేవాళ్ళ బొమ్మల పుస్తకాలన్నీ దిండు కింద పెట్టుకునేది. సీరియల్లో పని దొరికిన రోజు ఆ దుస్తులకు ముద్దు పెట్టుకుందట.

తీరా చూస్తే, జనం రాసిందంతా అప్పటికే చూసింది. ఫోన్ చేతిలోనే ఉంది. బియ్యం బస్తా అన్నది చదివి నవ్విందట. నవ్వితే నడుం పీకి ఏడ్చిందట. నర్సు వచ్చి నవ్వావా ఏడ్చావా అని అడిగితే, ముందు అది, తర్వాత ఇది, అందట.

నువ్వు పడ్డావని రాయొచ్చు కదా అన్నాను. రాసిందట, వేరే పేరుతో. నువ్వు బొమ్మవైతే నేను తీగని, అని వాళ్ళు బదులిచ్చారట.

జూలై 16, మంగళవారం.

స్టూడియో గేటు దగ్గరికి వెళ్ళాను. వాన. షేనా కోసం అభిమానులు వంద మంది నిలబడ్డారు, ఎర్ర కేపులేసుకుని. మెనాంగ్ గొడుగు పట్టింది.

వాళ్ళ వీపుల నిండా తువ్వాళ్ళు. నిజం. కేపు కింద నుంచి తెల్ల తువ్వాలు వేలాడదీసుకున్నారు, ఆడా మగా. కొందరి వాటి మీద లయాగ్ అని కుట్టించుకున్నారు కూడా. అది ఫ్యాషనైంది.

ఒక అమ్మాయి నన్ను చూసి, అయ్యో లోలా కూడా ఫ్యానే, రండి రండి ఫోటో తీసుకుందాం, అని భుజం మీద చెయ్యి వేసింది. ఆమె వీపులో తువ్వాలు పట్టుకుని లాగేశాను. లోలా, నాకు దగ్గొస్తుంది, అని కేకేసింది. అందరూ నవ్వారు. పడింది నా మనవరాలు, మీరు వెక్కిరించేది నేను పెట్టిన తువ్వాలుని, అని అరిచాను. నోరెండిపోయేదాకా అరిచాను. తర్వాత వెనక నుంచి ఒకడు చప్పట్లు కొట్టాడు. ఏం యాక్షన్ లోలా, ఏ ఎపిసోడ్లో వస్తున్నారు, విలనా మంచా, అన్నాడు. మిగతావాళ్ళు కూడా కొట్టారు.

ఫోన్లన్నీ నా మీదే. మెనాంగ్ గొడుగు అడ్డం పెట్టింది. అది కూడా తీశారు.

జూలై 17, బుధవారం.

నేను అరిచింది రెండు లక్షల మంది చూశారట. లయాగ్ లోలా అని పేరు పెట్టారట. నన్ను సీరియల్లో పెట్టమని అడుగుతున్నారట.

జూలై 19, శుక్రవారం.

లేబర్ ఆఫీసు. ఛానల్ తరఫున మిస్ విల్యసెన్యోర్ అనే ఆవిడ వచ్చింది. మంచి పూల గౌను, మెత్తని మాట. నాకు కుర్చీ తనే లాగి వేసింది. అలాంటి వాళ్ళంటేనే నాకు భయం.

మా లాయరమ్మ ఫోటో చూపించింది, అభిమానులు గీత గీసిన ఫోటోనే. బొమ్మ వీపులో చెమట తువ్వాలు ఎవరు పెడతారు, అని అడిగింది. నేను లేచి చెప్పాను. ఆ తువ్వాలు నాది, నీలం అంచు, మూలన జె అని అక్షరం ఉంటుంది, పిల్ల చిన్నప్పుడు తనే కుట్టుకుంది, ఇలాంటిది ఇంకొకటి లోకంలో లేదు, అని. గెలిచేశాననుకున్నాను.

ఆవిడ తల ఊపింది. కాగితం మీద రాసుకుంది. అయితే లోలా, తువ్వాలు మీరే పెట్టారని ఒప్పుకుంటున్నారు, అంది. అవునన్నాను. తీగలు తగిలించే పట్టీలు వీపుకు అతుక్కుని ఉండాలి, మధ్యలో గుడ్డ ఉంటే జారతాయి, ఆ మాట మీ మనవరాలికి మేం ముందే చెప్పాం, అంది. అదే మెత్తని గొంతు. అది బొమ్మ అయితే ఎవరి తప్పూ లేదు, ఆసుపత్రి సంగతి ఛానల్ దయతో చూసుకుంటుంది. అది మీ మనవరాలే అయితే, లోలా, మరి పడేసింది ఎవరో మీరే ఆలోచించుకోండి. ఇరవై అయిదో తారీఖున మళ్ళీ కలుద్దాం, అంది.

లాయరమ్మ ఫోటో తీసి సంచిలో పెట్టేసింది. బస్సులో నా టికెట్ కూడా మెనాంగే కొంది.

జూలై 20, శనివారం.

తీగలు లాగే మనిషి ఒకతను వచ్చాడు. పేరు రాయొద్దన్నాడు. రాయించడం లేదు. మా ఇంట్లో కూర్చుని ఎండు చేప, అన్నం తిన్నాడు.

రెండు తీగలుండాలి లోలా, ఒకటి పక్క సెట్టుకి పట్టుకెళ్ళారు, అన్నాడు. అప్పటికి మేం నిద్రపోయి ముప్పై గంటలు, అన్నాడు. ఆ రోజే ప్రసారం, ఆలస్యమైతే మా అందరి పనీ పోతుందని డైరెక్టర్ అరుస్తున్నాడు, అన్నాడు. ఇది ఇరవై అయిదున చెబుతావా అన్నాను. ప్లేటు వైపు చూశాడు. నాకూ పిల్లలున్నారు లోలా, అన్నాడు.

సరే, నాకొక్కటి చెప్పు. తువ్వాలు లేకపోతే పడేదా?

చాలాసేపు చేప ముళ్ళు తీశాడు. తెలీదు లోలా, పట్టీ ఆగేదేమో, అన్నాడు. ఇంకో ముల్లు తీసి పక్కన పెట్టి, ఆగకపోయేదేమో, అన్నాడు.

అబద్ధం చెప్పి వెళ్ళినా బాగుండేది.

జూలై 22, సోమవారం.

ఆ తువ్వాలు నేను తీసేశాను లోలా, అని జెరాలిన్ చెప్పింది. పట్టీలు కట్టుకునే ముందే తీసి కుర్చీ మీద పెట్టాను, ఫోటోలో ఉన్నది వేరే ఎవరిదో, అంది.

అబద్ధం ఆడితే దానికి ముక్కుపుటాలు లేస్తాయి. మూడేళ్ళ వయసు నుంచీ అంతే.

తీసేయమన్నారా వాళ్ళు, అని అడిగాను. కిటికీ వైపు చూసింది. అన్నారు, అంది. మరెందుకు తీయలేదే పిల్లా, అన్నాను. నువ్వు పెట్టావు కదా, అంది.

తర్వాత అది ఏడ్చింది, నేను ఏడవలేదు. బొమ్మ అనేద్దాం లోలా, నిన్ను అనడం నేను చూడలేను, ఆసుపత్రి సంగతి వాళ్ళు చూసుకుంటారు, నేను లేస్తే మళ్ళీ పిలుస్తారు కూడా, అంది. ఎడమ పాదం దుప్పట్లోంచి బయటికుంది. కప్పాను. అది గమనించలేదు.

నువ్వు బొమ్మవి కావే, అన్నాను.

జూలై 23, మంగళవారం.

మెనాంగ్ ఇవాళ రాయను అంది. పెన్ను పక్కన పెట్టి చెప్పింది. ఆ బుధవారం సాయంత్రం సీరియల్ చూస్తూనే తను కూడా ఫోన్లో ఆ సీన్ కింద రాసిందట. ఈ హీరోయిన్‌ని కాపాడడానికి ఇంకో హీరోయిన్ కావాలి, అని. నిమిషాల్లో తొమ్మిది వందల మందికి నచ్చిందట. జెరాలిన్ అని తెలిసిన మరుక్షణం తీసేసిందట. ఇన్నాళ్ళూ నీ కేసు రాస్తున్నాను ఇస్కా, నేను ముద్దాయిని, అంది.

పెన్ను తీసి చేతిలో పెట్టాను. ఇప్పుడు నేను చెప్పేది రాయి, అన్నాను.

మొదటి రోజు నేనొక మాట రాయించలేదు. ఆ సాయంత్రం పక్కన కూర్చుని నేను కూడా నవ్వాను. బూరా కూత రాగానే నవ్వాను. నీళ్ళు కారాయి కళ్ళలోంచి. ఎవరో పడ్డారని నవ్వాను. నా కళ్ళకు తువ్వాలు కనబడలేదు. ఆ నవ్వు మధ్యలోనే ఫోన్ మోగింది.

మెనాంగ్‌కి అది గుర్తుంది. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

జూలై 24, బుధవారం.

జెరాలిన్ బదులు పెట్టుకున్న కొత్త పిల్ల ఇవాళ ఎగిరింది. తీగలు రెండు వేశారట. పడలేదు. అభిమానులకు నచ్చలేదట. పడి ఉంటే బాగుండేది, అని రాశారట.

ఆ పిల్ల వీపు ఎవరు తుడుస్తారో.

రేపు చెప్పబోయేది ఇది. రాయి మెనాంగ్, పెద్ద అక్షరాలతో. తువ్వాలు నాది. నేనే పెట్టాను. పెట్టింది బొమ్మ వీపులో కాదు, జెరాలిన్ వీపులో.

ఇక్కడ నా వేలు.