అందరూ అర్థమైందన్న క్లాసు

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మోకాళ్ల నొప్పులతో నేను కాశిబుగ్గ బడిలో లెక్కలు చెప్పడం మానేశానని అందరూ అనుకుంటున్నారు. అది నిజం కాదు. పిల్లల ముందు తలెత్తుకోలేక మానేశాను.

రిటైరయ్యాక కూడా బడికి వెళ్లి చెబుతూ వచ్చాను; నా క్లాసు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉండేది. "అర్థమైందా?" అంటే అందరూ ఒక్క గొంతుతో "అయింది టీచర్!" అనేవారు. అది గౌరవమనుకొని మురిసిపోయాను. మొన్న భిన్నాలు చెప్పి వరండాలోకి రాగానే, కొత్తగా చేరిన పిల్లకు రుబీనా చెబుతున్న మాటలు వినబడ్డాయి.

"నాక్కూడ సమజ్ కాలే. అయినా అయిందనాలె పిల్లా! లేకుంటె 'అన్నం కోసమే వస్తున్నావా బడికి' అంటది, అందరు నవ్వుతరు."

ఆ మాట నాదే. చమత్కారమనుకొని అన్నాను.

నువ్వున్నప్పుడు పక్క గదిలో నీ క్లాసు పిల్లలు "మళ్లా చెప్పు టీచరమ్మా" అని అరుస్తుంటే, గోల అని నడిమి తలుపు మూయించేదాన్ని.

రుబీనాను క్షమించమని అడగలేదు. అడిగితే దానికీ భయంతో "పర్వాలేదు టీచర్" అంటుంది. అందుకే ఎవరి సలహా తీసుకోకుండా హెడ్మాస్టరుతో మాట్లాడి వచ్చాను. సోమవారం నుంచి కంప్యూటరు క్లాసులో నేనూ నేర్చుకునేదాన్నై రుబీనా పక్కనే కూర్చుంటాను. నాకు అర్థం కానప్పుడల్లా చెయ్యెత్తి, కాలేదని పైకే చెబుతాను. నవ్వేవాళ్లను నవ్వనీ.