వడ్లగింజ కొరికిన దవడ

నవంబరు 17
బెజవాడ వెళ్ళొచ్చాం. డాక్టరమ్మ నా దవడ కాగితం మీద గీసి చూపించింది. ఎడమ పక్క కింది ఎముక, పళ్ళతో సహా లేదు — పోయినేడు గడ్డతో పాటే తీసేశారు. ఆ ఖాళీలో ఇప్పుడున్నది లోహపు ప్లేటు. రెండు దారులట. ప్లేటు అలాగే ఉంచి, తీసి పెట్టుకునే పళ్ళసెట్టు. లేదా కాలి ఎముక ముక్క తెచ్చి దవడలో అతికించి, అది కుదురుకున్నాక పళ్ళు బిగించడం. "అప్పటిదాకా గట్టిది ఏదీ కొరకొద్దండి. ప్లేటు దెబ్బతింటే కష్టం."
సుశీల శ్రద్ధగా వింది. మా కాపురంలో నా మాట ఎన్నడూ అలా వినలేదు.

నవంబరు 19
అద్దం చూడను. చెంప తడుముకుంటూనే గడ్డం గీసుకోవడం. మా బియ్యం మిల్లుకొచ్చిన రైతులు నా కుడి పక్కకొచ్చి నిలబడి మాట్లాడుతున్నారు — పాపం, మర్యాద. ఒళ్ళు మండుతుంది.

నవంబరు 20
కాలి ఎముకే. చెప్పేశాను. కొన్నాళ్ళు కుంటాలట... కుంటుతాను. నాకు దవడ కావాలి. అన్నం నమిలి తినాలి, జావ తాగి తాగి విసుగొచ్చింది. సుశీల ఏడ్చింది, ఒప్పుకుంది.

నవంబరు 24
తప్పు చేశాను.
గంపలగూడెం నుంచి ట్రాక్టరు వడ్లు వచ్చాయి. "బాగా ఆరాయండీ, మీరే చూసుకోండి" అన్నాడు రైతు. తేమ చూసే మిషను బల్ల మీదే ఉంది. దాన్ని నేనెప్పుడు నమ్మాను గనక! బస్తా మారినప్పుడల్లా ఒక గింజ నోట్లోకి, కుడి పళ్ళ మధ్యకి. పచ్చిదైతే నలుగుతుంది, ఆరినదైతే టక్కుమంటుంది. చిన్నప్పటి నుంచీ అలవాటు, చెయ్యి దానంతటదే నోటికి పోయింది.
ఒకసారి టక్కుమంది — గింజ కాదు, ఎడమ పక్క.
"సరేనా అండీ?" అంటున్నాడు. తూకం వేయమని సైగ చేశాను.

నవంబరు 25
వాచింది. మఫ్లరు చుట్టుకున్నాను.

నవంబరు 27
దిండు మీద చీము మరక సుశీల కంట పడింది. వెంటనే బెజవాడ బయల్దేరదీసింది.  ఎ.కొండూరు దాటాక నా చెయ్యి పట్టుకుంది.
ఎక్స్‌రే తీశారు. ప్లేటుకు బిగించిన స్క్రూ ఊడింది, ప్లేటు చిట్లింది. "ముందు చీము తగ్గాలండి. తగ్గకపోతే ప్లేటు తీసెయ్యాలి. కాలి ఎముక సంగతి ఇప్పుడే చెప్పలేను." తర్వాత డాక్టరమ్మ అడిగింది — ఏం నమిలారు?
నేను మాట వెతుక్కునేలోపు సుశీల అందుకుంది. "నాదే తప్పండి. అన్నం సరిగ్గా పిసకలేదేమో. మొన్న పప్పులో బద్ద ఉండిపోయింది."
జాగ్రత్తలన్నీ సుశీలకే చెప్పింది డాక్టరమ్మ. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. సిగ్గు. పిరికితనం.

నవంబరు 28
మందులు వేసుకుంటున్నాను. వాపు అలాగే ఉంది.
సుశీల జావ మిక్సీలో తిప్పింది, గుడ్డలో వడకట్టింది, మళ్ళీ వడకడుతోంది. పలుకేమైనా ఉందేమోనని వేలితో తడిమి చూసుకుంటోంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చెప్పేద్దామని నోరు తెరిచాను.
"ఏమండీ, నొప్పిగా ఉందా?"
ఊఁ అన్నాను.