వరండాలో తక్కెడ

నూజివీడు, ఏప్రిల్ 7

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్లో మాట్లాడితే పోట్లాటవుతోంది, ఉత్తరాలు రాసుకుందామన్నది మీరే కాబట్టి రాస్తున్నాను. నిన్న బెజవాడలో పాత సామాన్లు అమ్మే చోటికి వెళ్ళి మన వరండాకి ఇత్తడి తక్కెడ, రెండు లాంతర్లు, ఒక చెక్క బల్ల తెచ్చాను. తక్కెడని దూలానికి వేలాడదీసి కింద వెదురు గంపలు పేర్చాను. ఎంత బావుందో! సాయంత్రాలు ఇద్దరం అక్కడ కూర్చుని కాఫీ తాగాలని నా ఆశ. మైలవరం ఆఫీసులో ఖాళీ ఉందన్నారుగా, బదిలీకి అర్జీ పెట్టండి. రెండేళ్ళుగా మీరక్కడ, నేనిక్కడ. విసుగొచ్చేసింది.

మీ గౌతమి

హిందూపురం, ఏప్రిల్ 14

ప్రియమైన గౌతమీ,

ఇంట్లో ఉన్న సామాను చాలలేదా? ఎవరో వదిలించుకున్న తుక్కుని బస్సులో ఊరేగించుకుంటూ తెచ్చావు. బల్లకి చెదలుందేమో చూశావా? ముందు అవన్నీ అవతల పారెయ్. అర్జీ సంగతి ఊరికే అడగకు.

ఉదయ్ భాస్కర్

నూజివీడు, ఏప్రిల్ 22

శ్రీవారికి (ప్రియమైన అని రాసే ఓపిక లేదు),

మొన్న రాత్రి గాలివాన. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో ఆటో, దాని నిండా రాలిన మామిడికాయలు. "కాటా కట్టారుగా అమ్మగారూ, కాయ దించమంటారా?" అందొకావిడ. పేరు వెంకటలక్ష్మి, తోటల్లో కూలి. రాలిన కాయ ఏరి అమ్ముకుంటుందట. సీజన్‌లో వాకిట్లో తక్కెడ కట్టి గంపలు పెడితే కాయ కొంటున్నట్టేనట! ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను, నాకా మాట తట్టనేలేదు. అలంకారానికని చెబితే "తక్కెడతో అలంకారమేంటండీ!" అని పగలబడి నవ్వింది. మధ్యాహ్నానికి అంత దూరం జి. కొండూరు నుంచి కూడా కాయలేసుకుని వచ్చారు. ఒక్కొక్కరికీ చెప్పి పంపేసరికి నోరు నొప్పెట్టింది. వెంకటలక్ష్మి కాయలు మాత్రం పాడైపోతాయని మా బడి టీచర్లందరి చేతా కొనిపించి, ఆ తక్కెడ ఆవిడకే ఇచ్చేశాను. మీరు సంతోషించండి. ఇంతకీ అర్జీ పెట్టారా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

గౌతమి

హిందూపురం, మే 2

ప్రియమైన గౌతమీ,

అర్జీ ఫిబ్రవరిలోనే పెట్టాను. మార్చిలో తిరిగొచ్చింది. మైలవరం ఇంకొకరికి ఇచ్చారు. మరో మూడేళ్ళు ఇక్కడినుంచి కదిలే వీల్లేదన్నారు. నువ్వు నాకోసం ఒక్కో వస్తువూ తెచ్చి సర్దుతుంటే ఈ మాట ఎలా రాయను? చెప్పలేక ఆ సామాను మీద విసుక్కున్నాను. ఫోన్లో అయితే నా గొంతు విని కనిపెట్టేస్తావని ఉత్తరాలన్నాను. క్షమించు.

నీ ఉదయ్

నూజివీడు, మే 10

ప్రియమైన శ్రీవారికి,

కోపంతో రెండు రోజులు మీ ఉత్తరం మళ్ళీ ముట్టుకోలేదు. బదిలీ రాకపోవడం మీ తప్పు కాదు. నాకు చెప్పకుండా ఒక్కరే కుమిలిపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే. నా ఏడుపేదో నేనూ అప్పుడే ఏడ్చేదాన్ని కదా!

బడికి జూన్ పన్నెండు దాకా సెలవులు. బల్ల, లాంతర్లు నిన్ననే పార్సిల్ లారీకి ఎక్కించాను. శుక్రవారం రైల్లో నేనూ వస్తున్నాను. అక్కడి బళ్ళలో టీచర్లు కావాలేమో కూడా అడిగి చూస్తాను. రావద్దని రాయకండి, ఆ ఉత్తరం ఇక్కడికి చేరేసరికి నేనక్కడుంటాను. మీ అద్దింటి ముందు చిన్న అరుగు ఉందన్నారుగా. దాని మీద ఆరేసిన బట్టలు తీసేసి, శుభ్రంగా కడిగించి ఉంచండి.

మీ గౌతమి