రోడ్డవతలి నుంచి సరోజ

విజయవాడ, ఆదివారం రాత్రి, నవంబరు 2005

మనవరాలి మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం అమ్మాయితో వన్ టౌన్‌లో కరీం గారి షాపుకు వెళ్లాను. పాప వెనక తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ కూడా ఉండాలి. అమ్మమ్మ అంటే మా సరోజ. తనది స్టూడియో ఫోటో తెచ్చింది అమ్మాయి. నేను ఉయ్యూరులో చెరుకు నములుతూ నవ్విన ఫోటో తీసుకెళ్లాను. ఆ నవ్వు ఇంకే ఫోటోలోనూ లేదు. అది అగ్గిపెట్టెంతే ఉంది.

కరీం గారు స్కాన్ చేసి పెదవి విరిచారు. "రిజల్యూషన్ చాలదు మాస్టారూ. పది అడుగులకి పెంచితే పగిలిపోద్ది."

"స్టూడియోదే పెడదాం నాన్నా, క్లియర్‌గా ఉంది."

"అందులో మీ అమ్మ ఫోటోగ్రాఫర్ని తిట్టబోతున్నట్టుందమ్మా. అయినా ఫ్లెక్సీకి ముక్కు ఆనించి ఎవరు చూస్తారు? ముందు ముఖం వరకు ఒక ముక్క ప్రింటు తీయండి కరీం గారూ."

తీశారు. దగ్గరగా చూస్తే అన్నీ చుక్కలే. నాకు నీరసం వచ్చింది. దాన్ని షట్టరుకు తగిలించారు. మేమిద్దరం రోడ్డు దాటాం. మధ్యలో తోపుడు బండి అడ్డం వచ్చింది. బండి కదిలేసరికి సరోజ నవ్వుతూ ఉంది.

"నాన్నా, అమ్మ పంటి సందు కూడా కనిపిస్తోంది!" అని అమ్మాయి చప్పట్లు కొట్టింది.

"దండ, దీపం పెట్టమంటారా?" అవతలి నుంచి కరీం గారి కేక.

"వద్దండీ. చెరుకుగడ మాత్రం కోసేయకండి!"

ఆ ముక్క ఇంటికి తెచ్చాను. గదిలో ఎక్కడ నిలబడ్డా చుక్కలే. అందుకే పెరటి గోడకు తగిలించి, తలుపులన్నీ తీసి, వీధి గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. పెరట్లో లైటు వెలుగుతూనే ఉంది. తను ఉంటే ఈపాటికి ఆర్పమని అరిచేది.