పదిహేను నెలల నర్సు

అక్టోబర్ 2, సోమవారం

నాకు మళ్ళీ ఒక స్టూడెంటును అంటగట్టారు. పేరు డార్సీ పెల్టియర్, వయసు ముప్పై ఎనిమిది. జియాలజీ డిగ్రీ చేసి పదకొండేళ్ళు టైల్స్ అమ్మిందట. ఇప్పుడు యాక్సిలరేటెడ్ కోర్సు. నేను నాలుగేళ్ళు చదివిన నర్సింగును ఈవిడ పదిహేను నెలల్లో మింగేస్తుందట. నెలాఖరుకి పాసో ఫెయిలో రాసి సంతకం పెట్టాల్సింది నేనే. పెట్టేముందు ఈవిడ సంగతి తేలుస్తాను.

అక్టోబర్ 5

మందుల మోతాదులన్నీ నోటికి వచ్చు. అదే నాకు నచ్చలేదు. బట్టీ పట్టినవాళ్ళు మొదట్లో ఇలాగే మెరుస్తారు. మాకు ఒక సెమిస్టర్ పట్టిన ఫార్మకాలజీ వీళ్ళకి ఏడు వారాలట. అంత తక్కువలో ఎలా అని అడిగితే, 'నిద్ర ఆప్షనల్ సబ్జెక్టండీ, నేను తీసుకోలేదు' అంది. నవ్వాను. నవ్వినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

అక్టోబర్ 11, మధ్యాహ్నం 3:20

దొరికింది.

చార్టులో ఆమె వేసిన ఊపిరి లెక్కలు, నిమిషానికి: 17, 21, 19, 23. అన్నీ బేసి. ఎవరైనా అర నిమిషం చూసి రెట్టింపు చేస్తారు, సరి సంఖ్యే వస్తుంది. పని ఎక్కువగా ఉంటే అందరం 18 వేసేస్తాం. ఇరవై ఏడేళ్ళుగా ఈ ఫ్లోరులో ఊపిరంటే 18. ఈవిడ అంకెలు కల్పిస్తోంది, నిజంలా కనిపించాలని బేసివి ఏరుకుంటోంది. పైగా మెషీను నాడి చూపించాక కూడా పేషెంటు మణికట్టు పట్టుకుని ఊరికే నిలబడుతుంది. మేనేజర్ రోస్లిన్‌కి ఈమెయిల్ పెట్టాను.

అక్టోబర్ 12

రోస్లిన్ జవాబు: రుజువు తీసుకురా, లేకపోతే ఊరుకో.

అక్టోబర్ 17, సాయంత్రం

వ్రాబెల్ గారికి తుంటి ఆపరేషన్ అయింది. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. పొద్దున ఎనిమిదింటికి ఆయన్ని నేనే చూసి 18 వేశాను. పదకొండింటికి డార్సీ వచ్చి 27 అంది. ఆయనేమో మంచం మీద జోకులేస్తున్నాడు. 'పద్దెనిమిది ఉన్నవాడు మూడు గంటల్లో ఇరవై ఏడెలా అవుతాడు, మళ్ళీ చూడు' అన్నాను. వెళ్ళి చూసొచ్చింది. 'ఇరవై తొమ్మిదండీ' అంది. 'ఎవర్ని మోసం చేద్దామని?' అన్నాను, అందరి ముందూ. ఆమె నన్ను దాటి వెళ్ళి ఎమర్జెన్సీ టీమును పిలిచింది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ. ఐసీయూలో ఉన్నాడు, బతుకుతాడంటున్నారు.

తర్వాత సప్లై రూములో అడిగాను. లెక్కపెడుతున్నామని తెలిస్తే పేషెంటు ఊపిరి మారిపోతుందని, నాడి చూస్తున్నట్టు నటిస్తూ నిమిషం నిండా లెక్కపెడుతుందట. 'మీకూ ఇదే నేర్పి ఉంటారు కదండీ' అంది. నేర్పారు. మొదటి ఏడాదే నేర్పారు. 'మీకు మరిచిపోవడానికైనా టైముంది, మాకు అదీ ఇవ్వలేదు' అంది. దెప్పుతున్నట్టు లేదు. దెప్పినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్టోబర్ 19

రోస్లిన్ పిలిచింది. ఎనిమిదింటికి 18 ఉంది కాబట్టి గడ్డ ఉన్నట్టుండి వచ్చిందని రిపోర్టు రాస్తుందట. స్టూడెంటు నన్ను దాటి టీమును పిలిచిన సంగతి కూడా, నా ఈమెయిల్ జత చేసి, కాలేజీకి పంపుతుందట. అది వెళితే, నేను పాస్ రాసినా డార్సీ ఫెయిల్. 'నీ చార్టుకి మచ్చ రాకుండా నేను చూసుకుంటాగా, నోరు మూసుకుని ఉండవే' అంది. ఇంటికొచ్చి సూప్ గిన్నె ముట్టకుండా అలాగే వదిలేశాను.

అక్టోబర్ 20

డార్సీ కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టి, రోస్లిన్ గదికి వెళ్ళాను. ఎనిమిదింటి 18 నేను లెక్కపెట్టకుండానే వేశానని చెప్పాను. ఆమె లేచి తలుపు వేసింది. అందరూ చేసేదేగా, ఈ మాట ఇంకెక్కడా అనకు అంది.

తలుపు తీసి, బయట నర్సులందరికీ వినపడేలా మళ్ళీ చెప్పాను.